రుచి చూడటం భోజనం కాదు

పోయిన వేసవిలో మీరొచ్చినప్పుడు మీలో చిన్నది నా కంచంలోకి తొంగి చూసి ఒక ప్రశ్న వేసింది. పప్పన్నం, చారన్నం కుడిచేత్తో తిన్నదానివి, పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి ఎడంచెయ్యి ఎందుకు పెట్టావు అమ్మమ్మా అని. పెద్దవాళ్ల కంచాల్లోకి చూడకూడదని మీ అమ్మ దాన్ని కసిరింది. అప్పటికి ఊరుకుంది గానీ, రైలు కదులుతుంటే కిటికీ ఊచల్లోంచి మళ్లీ అదే అడిగింది. నేను జవాబు మొదలుపెట్టేలోగా ప్లాట్‌ఫారం అయిపోయింది.

ఫోనులో చెబుదామంటే మీలో ఒకరి చేతిలోంచి ఒకరు ఫోను లాక్కుంటారు, సంగతి సగంలో తెగిపోతుంది. అందుకే రాస్తున్నాను. నిదానంగా చదువుకోండి. మీ అమ్మ ఎదురుగా మాత్రం చదవకండి. ఇందులో ఆవిడ గురించి కూడా ఒక ముక్క ఉంది.

డెబ్భైల మొదట్లో మాట. నాకింకా ముప్ఫై నిండలేదు. గవర్నర్‌పేటలో ఒక బట్టల హోల్‌సేల్ కొట్టు మీద, మేడ మీది వాటాలో ఉండేవాళ్లం. నేను, మీ తాతయ్య, మా అత్తయ్య, మూడేళ్ల మీ అమ్మ. మీ తాతయ్య రైల్వే పార్సిలాఫీసులో గుమాస్తా. నేను చర్చి వాళ్ల స్కూల్లో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. ఒకరోజు బోర్డు మీద రాస్తుంటే చేతిలో సుద్దముక్క జారిపోయింది. వంగి తీసుకోబోతే లేవలేకపోయాను. పిల్లలు నేనేదో ఆట ఆడుతున్నాననుకుని వాళ్లూ కింద కూర్చున్నారు. ఆ వారం తిరిగేసరికి మెడ కింద నుంచి నాది అనుకున్నదేదీ నా మాట వినలేదు. ముఖం కూడా సగం బిగుసుకుపోయి మాట పెగిలేది కాదు.

ఇది నరాలకొచ్చిన జబ్బు, ముసలివాళ్లకొచ్చే పక్షవాతం కాదు, వచ్చిన దారినే వెనక్కి పోతుంది, కాకపోతే ఎంత పోతుందో, ఎప్పటికి పోతుందో చెప్పలేను అన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు. ఊరు మాత్రం ఆయన మాట పట్టించుకోలేదు. పక్షవాతం అనే ఖాయం చేసుకుని చూడ్డానికి రావడం మొదలుపెట్టింది.

పరామర్శకు వచ్చేవాళ్లను మీరు చూసి ఉండరు, ఇప్పుడు అందరూ ఫోనులోనే కానిచ్చేస్తున్నారు. అప్పట్లో బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని జట్లుజట్లుగా వచ్చేవాళ్లు. మంచం పక్కన కూర్చుని, అచ్చం ఇలాగే పడిపోయి కాలం చేసిన తమ చుట్టాలందరినీ వరసగా తలుచుకునేవాళ్లు. మాట పడిపోయినదానికి చెవులు కూడా పడిపోయి ఉంటాయని వాళ్ల నమ్మకం. అందుకని నా ఎదురుగానే, నా మీదుగానే, నా సంసారం సర్దేసేవాళ్లు. చర్చిలో మా వెనక బెంచీలో కూర్చునే ఇద్దరు ఆడవాళ్లయితే ఒక మధ్యాహ్నం మీ తాతయ్యకు రెండో సంబంధం కూడా చూసేశారు. పిల్ల గుడివాడ వైపుదట. అణకువ గలదట. టైపు లోయరు పాసయిందట, హయ్యరుకు కడుతోందట.

ఆ హయ్యరు మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. దిండు పక్కన వాళ్లు తెచ్చిన బత్తాయిలే ఉన్నాయి. ఒకటి తీసి ఆ మాటన్నావిడ ముఖాన కొట్టాలన్నంత కోపం ఎడంచేతిలోకి వచ్చింది. చెయ్యి లేవలేదు గానీ, చూపుడువేలు కదిలింది. వేలు తగిలి ఒక బత్తాయి దొర్లి, మంచం మీంచి కింద పడి, వెళ్లి వెళ్లి ఆవిడ కాలి దగ్గర ఆగింది. ఆవిడ దాన్ని తీసి, తుడిచి, మళ్లీ నా పక్కనే పెట్టింది. నా మొదటి కదలిక అదే. దొర్లడమని వాళ్లనుకున్నారు. విసరడమని నాకు తెలుసు.

మీ అమ్మ ముక్క కూడా ఇక్కడే చెప్పేస్తాను. మంచం కింద ఆడుకుంటూ ఇదంతా విన్నది. సాయంత్రం మీ తాతయ్య రాగానే ఎదురెళ్లి, కొత్తమ్మ ఎప్పుడొస్తుంది, బిస్కెట్లు తెస్తుందా అని అడిగింది. ఆయన ముఖం చూసి నాకు నవ్వొచ్చింది. బిగుసుకుపోయిన మూతిలో ఎడంవైపు ఒక్కటే నవ్వింది. అది చూసి మా అత్తయ్య దేవుడికి దణ్ణం పెట్టి ఏడ్చింది.

అత్తయ్యకు ప్రార్థన మీద ఎంత నమ్మకమో పావురం మీదా అంతే. పావురం రక్తం ఒంటికి రాస్తే పట్టు వదులుతుందని వాళ్ల ఊళ్లో ఎవరో చెప్పారు. మీ తాతయ్య చేత ఒకదాన్ని బుట్టలో తెప్పించింది. తీరా తెచ్చాక కొయ్యడానికి ఆయనకూ చేతులు రాలేదు, ఆవిడకూ రాలేదు. మేడ పిట్టగోడ మీద వదిలేస్తే అది ఎటూ పోలేదు. పొద్దున్నే నూకల కోసం కిటికీలోకి వచ్చి కూర్చునేది. నేను లేచి తిరిగాక అత్తయ్య అందరికీ రెండూ కలిపి చెప్పేది, ప్రార్థన చేశాం, పావురం తెచ్చాం అని. దాన్ని ఏం చేశారో మాత్రం చెప్పేది కాదు.

చెయ్యి వచ్చింది, కాళ్లు వచ్చాయి. అన్నిటికంటే ముందు ఎడంచెయ్యి, అన్నిటికంటే ఆఖరున కుడిచెయ్యి. ఆ మధ్యకాలమంతా నేను ఎడంచేత్తోనే అన్నం తిన్నాను. తినేటప్పుడు అత్తయ్య తలుపు దగ్గరగా వేసేది. ఎవరన్నా మెట్లెక్కి వస్తే గట్టిగా దగ్గేది, నేను కంచం మంచం కిందకి నెట్టేసేదాన్ని. ఆకలేసి అన్నం తినడం కూడా దొంగతనమేనా అనిపించేది. మీ తాతయ్య మాత్రం నా ఎదురుగా కూర్చుని, నా ఎడంచేతి వంక అసూయగా చూసేవారు. ఆయన పుట్టు ఎడంచేతివాటం. బళ్లో మేష్టారు బెత్తం దెబ్బలతో కుడికి మార్చారు. మిగిలిన కాస్త ఎడమనూ మా వీధి చివర మెస్సు ఓనరుగారు మాన్పించారు.

ఆ ఓనరుగారి గురించి చెప్పాలి, ఎందుకంటే కథంతా ఆయనదే. దివిసీమలో వ్యవసాయం వదిలేసి వచ్చి గవర్నర్‌పేటలో భోజనాల మెస్సు పెట్టారు. భారీ మనిషి, తెల్ల పంచె, చేతిలో ఎప్పుడూ ఇత్తడి గరిటె. వరసల మధ్య తిరుగుతూ తక్కువైన చోట తానే వడ్డించేవారు. కడుపునిండా పెట్టేవారు, అంత నిండుగా తిట్టేవారు కూడా. గోడ మీద రెండు లైన్ల బోర్డు ఉండేది. పై లైనులో 'ఎడమ చేతితో' అని, కింది లైనులో 'భోజనం చేయువారికి వడ్డించబడదు' అని, ఎర్ర రంగుతో. మీ తాతయ్య పెళ్లికి ముందు అక్కడే తినేవారు. మొదటి వారంలోనే పరాగ్గా ఎడంచెయ్యి ఆకు మీదికి వెళితే, గరిటె కాడతో మణికట్టు మీద ఒకటి పడింది. అప్పటి నుంచీ ఆ మెస్సులో ఉన్నంతసేపూ ఎడంచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చునేవారట.

నేను నాలుగడుగులు వెయ్యగలిగాక అత్తయ్య నన్ను రిక్షాలో ఊరు తిప్పడం మొదలుపెట్టింది. ఎక్కడ ఎవరు మంచాన పడ్డారని తెలిస్తే అక్కడికి. కృష్ణలంక, సత్యనారాయణపురం, కాలవ అవతల, ఒకసారైతే బెంజ్ సర్కిల్ కూడా దాటించింది. గుమ్మంలోకి వెళ్లగానే, కర్రలా పడి ఉండేది మా కోడలు, ఇప్పుడు చూడండి అని, ఒకసారి నడువమ్మా అనేది. నేను మంచం దగ్గర నుంచి గుమ్మం దాకా, గుమ్మం దగ్గర నుంచి మంచం దాకా నడిచేదాన్ని. నా పెళ్లిచూపుల్లో కూడా అంత నడవలేదు. ఇంట్లోవాళ్లు కళ్లొత్తుకుని కాఫీ ఇచ్చేవాళ్లు. మంచం మీదున్న మనిషి మాత్రం నన్ను చంపేసేలా చూసేది.

ఆ చూపు నాకు తెలుసు. బత్తాయి చూపు అది.

ఒకరింట్లో అత్తయ్య కాఫీకని వంటింట్లోకి వెళ్లినప్పుడు, ఆ మంచంలో ఉన్నావిడ చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగాను, చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎవరి మీద ఏం విసరాలనుంది అని. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తరవాత కళ్లు మెల్లగా తిప్పి గుమ్మంలో ఉన్న వాళ్ల వదినను చూపించింది, ఆ పైన పక్కనున్న నీళ్ల మరచెంబును చూపించింది. ఇద్దరం నవ్వుకున్నాం. వెళ్లేటప్పుడు మరచెంబు ఆవిడ చేతికి అందేట్టు పెట్టి వెళ్లాను. తరవాత కొన్నాళ్లకు వాళ్లింటి నుంచి కబురొచ్చింది, ఆవిడ దాన్ని పట్టుకోవడానికి తెగ తంటాలు పడుతోందని. నేను ఇళ్లకెళ్లి నడిచి చూపించడం మానేశాను. నడక చూపిస్తే వాళ్లకు లేనిది కనబడుతుంది. ఈ ప్రశ్న వేస్తే వాళ్లకు ఉన్నదేదో కనబడుతుంది. ఆ ఇళ్లలోంచి బయటికొచ్చినప్పుడల్లా నేను అన్నాళ్లు ఎందుకు మంచాన పడున్నానో కాస్త కాస్త అర్థమయినట్టుండేది.

అలా ఉండగా ఒక పొద్దున మెస్సు ఓనరుగారి భార్య మా మెట్లెక్కి వచ్చింది. చీర కొంగు నిండుగా కప్పుకుని, గుమ్మంలోనే నిలబడింది. ఆయనకు పెద్ద పక్షవాతం వచ్చి కుడివైపంతా పోయిందని మాకు తెలుసు. ఆవిడ చెప్పిన సంగతి మాత్రం అంతవరకూ మాకు తెలీదు.

"అన్నం ముట్టట్లేదండీ టీచరుగారూ. నన్ను తినిపించనివ్వరు, ఊరికి పెట్టిన చెయ్యి, నోరు తెరిచి పెట్టించుకోనంటారు. చెంచా ఇస్తే అది మందుకు గానీ అన్నానికి కాదంటారు. ఇంకో చెయ్యి ఉంది కదండీ అన్నానని నాతో మాట్లాడ్డమే మానేశారు."

పాలు, మజ్జిగ తప్ప లోపలికి ఏమీ వెళ్లడం లేదు. మింగడానికి అడ్డేం లేదు, ఇలాగే ఉంటే ముక్కులో గొట్టం వెయ్యాలి, లేకపోతే జబ్బు కాదు ఆకలే మనిషిని తీసుకుపోతుంది అన్నాడట డాక్టరు. ఆ మాట చెప్పి ఆవిడ మెట్ల మీదే కూర్చుండిపోయింది.

మీ తాతయ్య పేపరు వెనక నుంచి, ఆ గరిటె ఆయనేనా అన్నారు. కాసేపటికి, పాపం అన్నారు. మణికట్టు రుద్దుకుంటూ అన్నారు.

మొదటిసారి అత్తయ్యతోనే వెళ్లాను. మెస్సు వెనకే వాళ్లిల్లు. అత్తయ్య అలవాటుగా, నడువమ్మా అంది. ఓనరుగారు ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. మాట ముద్దగా వస్తోంది గానీ అర్థమవుతోంది.

"నడక ఎవడిక్కావాలి. చెయ్యి తెప్పిస్తావా?"

"తెప్పించలేను బాబాయిగారూ. నా కుడిచెయ్యే ఇంకా సగం రాలేదు."

"మరెందుకొచ్చావు?"

"పిన్నిగారు కాఫీ బాగా పెడతారని విన్నాను."

కాఫీ తాగి వచ్చేశాం. దారి పొడుగునా నాకు ఆ గోడ వైపు తిరిగిన ముఖమే కనిపించింది. ఊళ్లో అందరి ఎడంచేతుల్నీ తొడల కిందికి తోసినాయన, ఇప్పుడు తన చేతినే తోసేసుకున్నారు. తీరా చూస్తే ఆయనకు మిగిలింది ఆ ఒక్క చెయ్యే.

ఆ రాత్రి వంట దగ్గర అత్తయ్య చారు రుచి చూస్తుంటే నేను ఊరికే చూస్తూ కూర్చున్నాను. చూస్తూ చూస్తూ పెద్దగా నవ్వాను. ఆవిడ భయపడి, ఏమైందే అంది. ఏమీ కాలేదన్నాను. మర్నాడు పొద్దున్నే మెస్సుకు వెళ్లి వంటమనిషితో ఒక కుట్ర చేశాను. గోంగూర పప్పు ఒక గిన్నెడు నా కోసం విడిగా చెడగొట్టి ఇమ్మన్నాను. ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఓనరుగారి దగ్గర ఇన్నేళ్లుగా ఉన్నా, చెడగొట్టడం ఎలాగో తెలీదన్నాడు. ఉప్పు వెయ్యకు, పోపు మాడ్చు అని నేనే నేర్పాను. కళ్లు మూసుకుని మాడ్చాడు.

క్యారియరు పట్టుకుని ఈసారి ఒంటరిగా వెళ్లాను. ఓనరుగారి మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, ఆకు పరుచుకుని, అన్నం పెట్టుకుని, పప్పు వేసుకుని, ఎడంచేత్తో కలిపాను. ఆయన చూశారు. ముద్ద ఎత్తాను.

"చెయ్యి తియ్."

వంటింట్లోంచి ఆయన భార్య పరిగెత్తుకొచ్చింది. పడిపోయినప్పటి నుంచీ ఆయన నోటి నుంచి అంత స్పష్టంగా వచ్చిన మాట లేదు. నేను తియ్యలేదు. ఇది మెస్సు కాదు కదా బాబాయిగారూ, ఇక్కడ బోర్డు లేదు అని ముద్ద నోట్లో పెట్టుకుని, ముఖం చిట్లించాను. దానికి నటించక్కర్లేకపోయింది.

"పాపం, మెస్సు ఎలా ఉండేది ఎలా అయిపోయింది."

"ఏమయింది?"

"ఏం లేదులెండి. మీరు విశ్రాంతి తీసుకోండి."

"ఏమయిందో చెప్పు."

"పప్పులో ఉప్పు లేదు. పోపు మాడింది. జనం తింటున్నారులే, వేరే దిక్కులేక."

"మా పప్పా? అబద్ధం."

గిన్నె ఆయన ముక్కు దగ్గర పెట్టాను. మాడిన వాసన తగిలి కనుబొమలు ముడిపడ్డాయి. ఉప్పు సంగతి వాసనకు తెలీదు. ఇటు తే అనబోయి ఆగారు. కుడిచెయ్యి దుప్పటి మీద అలాగే పడుంది. ఆయన భార్య తన వేలు పప్పులో ముంచబోతే పళ్లు బిగించారు.

అప్పుడు అడిగాను. "బాబాయిగారూ, మీరు వంటింట్లో రుచి చూసేటప్పుడు గరిటె ఏ చేత్తో పట్టుకుంటారు?"

"కుడిచేత్తో. ఇంకెలా పట్టుకుంటారు?"

"గరిటెలోది ఏ చేతిలో వేసుకుని నాకుతారు?"

ఆయన తన ఎడమ అరచేతి వంక చూసుకున్నారు. మా అత్తయ్య రాత్రి చేసింది అదే. కుడిచేతిలో గరిటె, ఎడమ అరచేతిలో నాలుగు చుక్కలు. ఆడవాళ్లయినా మగవాళ్లయినా వంట చేసేవాళ్లంతా అదే చేస్తారు. ఆ బోర్డు కింద జనం తిన్న ప్రతి పప్పూ, ప్రతి చారూ ముందు ఆయన ఎడంచేతి మీదుగానే వెళ్లింది.

"నేను భోజనం చెయ్యమనడం లేదు. రుచి చూడమంటున్నాను. రుచి చూడటం భోజనం కాదు కదండీ."

"కాదు," అన్నారాయన.

ఎడమ అరచేతిలో గరిటెడు పప్పు వేశాను. నాలుక తగిలించారు. ముఖం ఎర్రబడింది. వంటమనిషిని పిలిపించి, ముద్దమాటల్తోనే వాడి ఏడుతరాల్నీ కడిగేశారు. వాడు తలవంచుకుని నిలబడ్డాడు, కళ్లనిండా నీళ్లు. భయంతో అనుకున్నారు ఓనరుగారు. ఆనందంతో అని మాకు తెలుసు. మళ్లీ వండి తెమ్మన్నారు. తెస్తే మళ్లీ రుచి చూశారు. ఇప్పుడు కాస్త నయం, అన్నంలో కలిపితే గానీ తెలీదు అన్నారు. ఆ మాట నేను అనలేదు, ఆయనే అన్నారు.

ఆ రోజు నుంచి వంటమనిషి రోజుకొకటి చెడగొట్టేవాడు. ఒకనాడు చింతపండు ఎక్కువ, ఒకనాడు కారం తక్కువ. పనిలో నేర్పు వచ్చేసింది, నేను చెప్పక్కర్లేకపోయింది. మెస్సులో జనానికి మాత్రం మామూలు వంటే వెళ్లేది. ఓనరుగారు మంచంలో కూర్చుని అన్నీ రుచి చూసేవారు. కూర రుచి చూడాలంటే అన్నం కావాలి. వేడన్నంలో నెయ్యి లేకపోతే పప్పు రుచి తేలదు. అప్పడం విరిగే చప్పుడు కూడా చూసుకోవాలి. పోనుపోను ఆయన రుచి పెద్ద ఆకు నిండిపోయేంత అయింది. ఇంట్లో అందరం జాగ్రత్తగా ఒకటే మాట వాడేవాళ్లం. అయ్యగారు రుచి చూస్తున్నారు. అయ్యగారి రుచి అయింది, చెయ్యి కడుక్కోడానికి నీళ్లు తీసుకురండి.

ఒకసారి మాత్రం కొంప మునిగింది. పెరుగన్నం మధ్యలో ఉండగా ఆయన భార్య సంతోషం పట్టలేక, హమ్మయ్య, ఇవాళ మీ భోజనం బాగా అయిందండీ అనేసింది. ఆయన చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నారు. మర్నాడూ లేవలేదు. మళ్లీ మజ్జిగ దగ్గరికే వచ్చింది. డాక్టరు గొట్టం మాట మళ్లీ ఎత్తాడు. ఆవిడ మా ఇంటికొచ్చి, నా నోరు కుట్టెయ్యండి టీచరుగారూ అంది.

నాకు ఏం చెయ్యాలో తోచలేదు. క్యారియరు తీసుకుని మామూలుగానే వెళ్లి, మామూలుగానే కూర్చున్నాను. ఈసారి నేనూ తినలేదు. క్యారియరు గిన్నెల చప్పుడు వినబడక ఆయన, ఏమిటి తినవు అన్నారు, ముఖం తిప్పకుండానే. నాకూ సిగ్గేస్తోంది బాబాయిగారూ అన్నాను. ఇంట్లో తలుపేసుకుని తింటున్నాను, మా అత్తయ్య గుమ్మంలో కాపలా ఉండి దగ్గుతుంది, నేను బయటివాళ్ల ఎదుట దాచుకోకుండా తినేది ఈ గదిలోనే, మీరటు తిరిగి పడుకుంటే నాకిక ఆ చోటు కూడా లేదు అన్నాను. ఇందులో కుట్ర ఏమీ లేదు పిల్లలూ.

ఆయన ఇటు తిరిగారు. "దగ్గుతుందా? మీ అత్తా?"

"గట్టిగా దగ్గుతుందండి. నేను కంచం మంచం కిందకి తోస్తాను. ఒకసారి పిల్లి తినేసింది."

ఆయన పొట్ట కదిలింది. ఆ పైన భుజం కదిలింది. నవ్వుతున్నారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఏం తెచ్చావో చూపించు, రుచి చూస్తాను అన్నారు.

తరవాత కొన్ని వారాలకు, మెస్సులోకి తీసుకెళ్లమన్నారు. మధ్యాహ్నం జనం నిండుగా ఉండే వేళే కావాలన్నారు. మీ తాతయ్యను ముందే పంపించి, ఎదురు బల్ల దగ్గర కూర్చోమన్నాను. ఎందుకని అడిగితే, ఊరికే అన్నాను. వంటమనిషీ ఇంకొకాయనా కలిసి ఓనరుగారిని కుర్చీలో మోసుకొచ్చి మొదటి వరసలో దించారు. సరిగ్గా బోర్డు కింద. తింటున్నవాళ్లు తినడం ఆపేశారు. వడ్డించే ఆయన వంగి మెల్లగా అడిగాడు, రుచికి తెమ్మంటారా అయ్యా అని.

ఓనరుగారు తల పైకెత్తి బోర్డు చూశారు. నేను గుమ్మం పక్కన నిలబడి చూస్తున్నాను. ఇక్కడ గనక ముఖం తిప్పుకుంటే మళ్లీ ఇటు తిప్పేది ఎవరి తరమూ కాదని నాకు తెలుసు. ఆయన భార్య వంటింటి తలుపు సందులోంచి చూస్తోంది, కొంగు నోట్లో కుక్కుకుని.

"రుచి కాదు," అన్నారు. "భోజనం. ఆకు వెయ్యి."

ఆకు వేశారు. నీళ్లు చల్లారు. అన్నం వచ్చింది, పప్పు వచ్చింది. అంతమంది ముందు ఎడంచేత్తో కలిపి, ముద్ద చేసి, నోట్లో పెట్టుకున్నారు. ఒక్కరూ కదల్లేదు. చల్లారిపోతోంది, తినరేం అని అందర్నీ కసిరారు. అందరూ ఒక్కసారి ఆకుల మీదికి వంగారు. అప్పుడాయన చూపు మీ తాతయ్య మీద పడింది.

"నువ్వు ఎడంచేతివాడివి కదూ."

మీ తాతయ్య ఎడంచెయ్యి అప్పటికే తొడ కింద ఉంది. పాత అలవాటు. అవునండి అన్నారు.

"కానివ్వు."

ఆయన తొడ కింద నుంచి చెయ్యి తీశారు. పాపం, ఆ క్షణం కోసం ఎన్నేళ్లు కలగన్నారో. తీరా తీశాక ఆ చేతికి అన్నం తినడం రాదు. బెత్తం దెబ్బలకు మరిచిపోయింది. పప్పు చొక్కా మీద, చారు బల్ల మీద, మెతుకులు పక్కాయన ఆకులో. ఓనరుగారు కాసేపు ఓర్చుకుని చూశారు. తరవాత పక్కనున్న గరిటె ఎడంచేత్తో అందుకుని బల్ల మీద టకటకా కొట్టారు, నా మెస్సులో ఇలా పారబోసుకునేవాణ్ని ఏ చేత్తో తిన్నా ఒప్పుకోను, నేర్చుకునిరా అన్నారు. మీ తాతయ్య ఆ చొక్కాను ఉతకనివ్వలేదు కొన్నాళ్లు.

బోర్డు తీసెయ్యమని ఎవరో అన్నారట. ఓనరుగారు ఒప్పుకోలేదు. తాను పెట్టిన బోర్డు తాను తీస్తే పరువేముంది అన్నారు. మధ్యేమార్గంగా పెయింటరును పిలిచి పై లైను ఒక్కటీ సున్నంతో కొట్టించేశారు. దాంతో గోడ మీద మిగిలింది ఇది. 'భోజనం చేయువారికి వడ్డించబడదు.' కొత్తగా కాలేజీల్లో చేరిన కుర్రవాళ్లు గుమ్మంలో నిలబడి అది చదివి, లోపలికి రావాలో వద్దో తెలీక ఒకరి ముఖాలొకరు చూసుకునేవాళ్లు. ఆయనకు చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. చెప్పాలనీ అనిపించలేదు.

ఆ తరవాత రిక్షాలో నా పక్కన ఆయన కూడా వచ్చేవారు. అత్తయ్య వెనక రిక్షాలో, అక్కడ కాఫీ బాగుంటుందో లేదో చెప్పుకుంటూ. మంచాన పడ్డవాళ్ల దగ్గర నేను నా ప్రశ్న వేసేదాన్ని, ఎవరి మీద ఏం విసరాలనుంది అని. ఆయన తన ప్రశ్న వేసేవారు, ఏం తినాలనుంది అని. రెంటిలో ఏదో ఒకదానికి జవాబు వచ్చేది. అసలేమీ రాని ఇళ్లు కూడా ఉన్నాయి. మర్నాడు మళ్లీ వెళ్లేవాళ్లం.

ఆయన కుడిచెయ్యి తిరిగి రాలేదు. నాది వచ్చింది, మెల్లమెల్లగా, బొటనవేలు ఒక్కటి తప్ప. ఒకరోజు మెస్సులో నేను కుడిచేత్తో అన్నం కలుపుతుంటే ఆయన చూశారు. వచ్చేసిందే, అన్నారు. సంతోషంగానే అన్నారు. కానీ ఆ మాట వెనకే చూపు తన ఆకు మీదికి దించుకున్నారు. ఆ గదిలో నాకు చోటు దొరికినట్టే ఆయనకూ దొరికిందని, ఇప్పుడు నేను లేచి వెళ్లిపోతున్నట్టుందని అప్పుడు తోచింది.

పప్పు, చారు ఈ చేత్తో బాబాయిగారూ, పెరుగన్నం మాత్రం మీ జట్టే అని, చెయ్యి మార్చాను.

రెండు చేతులూ ఎంగిలి చేసుకుంటే మంచినీళ్ల గ్లాసు ఎలా పట్టుకుంటావు అన్నారు, మీ అమ్మ ఇప్పటికీ అంటున్నట్టే. పక్కవాళ్లను ఇమ్మంటాను అన్నాను. ఆయన తన గ్లాసు నా వైపు జరిపారు.

చిన్నదానికి జవాబు ఇదే. తను కూడా ఒకసారి పెరుగన్నం ఎడంచేత్తో తిని చూడమనండి. ఒలికిపోతుంది. మీ అమ్మ అడిగితే, భోజనం చెయ్యడం లేదు, రుచి చూస్తున్నానని చెప్పమనండి.